గాలి సోకిందనుకున్నాం

పాపకి అమ్మ సాంబ్రాణి పొగ వేస్తుండగా నాకు చలి మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బయట మేముంటున్న ఎడిసన్ ఊళ్ళో ఎండ మండిపోతోంది. నా పురిటికి దేశం దాటి వచ్చినప్పటి నుంచి అమ్మ కిటికీలు తెరవనివ్వలేదు, ఏసీ వెంట్‌కి టవల్ కుక్కింది. నాకేమో చెవుల్లో దూది, తలకి స్కార్ఫ్.

"గాలి సోకిందే! మా అమ్మమ్మా ఇలాగే..." అని నాలుక కరుచుకుని ఇంకో దుప్పటి కప్పింది. అమ్మ వాళ్ళ అమ్మమ్మ వందేళ్ళ కిందట మా అమ్మమ్మని కని, పురిటి మంచం మీదే చనిపోయిందట. మా ఇంట్లో బాలింతల్ని మూటకట్టి కూర్చోబెట్టేది ఆ భయంతోనే.

మావారు కిరణ్ థర్మామీటర్ పెట్టాడు. "నార్మలే, రెస్ట్ తీసుకో." కుట్ల నొప్పికి నేను వేసుకుంటున్న పెయిన్ టాబ్లెట్ జ్వరాన్ని కూడా అణచేస్తోందని ఎవరికీ తట్టలేదు. పొద్దున్నుంచే పొత్తికడుపులో నొప్పి, బ్లీడింగ్‌లో దుర్వాసన. చెప్పడానికి సిగ్గు. కూర్చోలేను, పడుకోలేను, అందరిమీదా చిరాకు. పాపని ఎత్తుకుంటే చేతులు వణికాయి. అప్పుడు హడలిపోయి డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను.

"వెంటనే హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్ళండి," అంది నర్స్.

బ్లడ్ కల్చర్, అల్ట్రాసౌండ్, ఐవీ యాంటీబయాటిక్స్. తగ్గుతోందనుకుంటుండగా బీపీ పడిపోయింది, ఐసీయూకి మార్చారు. "మాయ ముక్క లోపల ఉండిపోయింది. యుటరస్‌లో ఇన్ఫెక్షన్, అది రక్తంలోకి పాకి సెప్సిస్ అయింది," అంది డాక్టర్. డీ అండ్ సీ చేసి ఆ ముక్క తీసేశారు. పాప పాలు తాగిందా, ఏడుస్తోందా? నా ధ్యాసంతా అదే. చచ్చిపోతానేమోనని చాలా భయపడ్డాను.

"గాలి వల్లేనా, అడుగు బాబూ," అంది అమ్మ కిరణ్‌తో.

డాక్టర్ తల అడ్డంగా ఊపింది. "బ్యాక్టీరియా. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఎంతోమంది తల్లులు దీనితోనే పోయారు."

అమ్మ నా దగ్గరికొచ్చి, నా చెవుల్లోని దూది తనే తీసేసింది.

ఇప్పుడు పాప పాకుతోంది. నాకు మాత్రం ఒంట్లో కాస్త వేడి తగిలినా గుండె దడే. కొత్తగా కన్నవాళ్ళకి ఒక్క మాట: టాబ్లెట్ వేసుకోకముందే టెంపరేచర్ చూసుకోండి. నార్మల్ చూపించినా సరే, వణుకో దుర్వాసనో ఉంటే ఆగకండి. ఫోన్ చేసి, ఈమధ్యే డెలివరీ అయిందని ముందే చెప్పండి.

నేను గదిలోకి రాగానే పాప చేతులు చాస్తుంది. మా అమ్మమ్మకి తన తల్లి ముఖం ఎలా ఉంటుందో చివరిదాకా తెలియదు.