కెమిస్ట్రీలో కొసరు లేదు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఊపులో ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరాను. అన్నీ గట్టెక్కాయి, సైన్సు మాత్రం తప్పింది. పాసైతే మిఠాయి పంచుతానని రెజిమెంటల్ బజార్‌లో నా కూరగాయల బండి చుట్టుపక్కల అందరికీ ముందే చెప్పేశాను. కరివేపాకు అమ్మే ఆమె పొద్దున్నే మిఠాయి ఎందాక వచ్చిందని అడిగేది. ఈసారీ తప్పితే బండి ఇంకో వీధికి మార్చుకోవాల్సిందే.

ఇంటర్‌లో సైన్సు చదివిన మా కోడలే నాకు పంతులమ్మ. ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే సమీకరణం రాసి ముందు పెట్టింది. ఎడమవైపు రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. కుడివైపు నీళ్లు, అంటే రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. సరిచేయమంది. నేను చూసి, బాగానే ఉందని పుస్తకం మూసేశాను.

"ఇంకో ఆక్సిజన్ ఏమైంది అత్తమ్మా?"

"కొసరు."

కిలో వంకాయలు తూచాక పైన ఇంకొకటి వేయకపోతే నా బండి దగ్గరికి మళ్లీ ఎవరొస్తారు?

"కెమిస్ట్రీల కొసరుండదు. అటెన్నుంటే ఇటన్నే."

"గింత పిసినారిగుంటే బేరమెట్ల నడుస్తది బిడ్డా?"

ఆమె పుస్తకం మళ్లీ తెరిచి నా ముందు పెట్టింది. సరే, పారేయడమెందుకని మిగిలిన ఆక్సిజన్‌ను నీళ్లలోనే కలిపి, దాని కింద రెండు వేశాను. అవి నీళ్లు కావట, పుండ్లు కడిగే మందట. చివరికి కోడలు నా దారిలోకి వచ్చింది. కొత్తిమీర కట్ట విప్పి ఆకు కలపకూడదు, కావాలంటే ఇంకో కట్ట పెట్టాలి అంది. అలాగే పేరు కింది అంకె ముట్టుకోకుండా ముందు అంకె మార్చాలి. అది అర్థమైంది.

పరీక్షలో ఇనుము తుప్పు పట్టే లెక్క వచ్చింది. ఇనుము ముందు నాలుగు, తుప్పు ముందు రెండు వేశాను. ఆక్సిజన్ మూడు జతలు చాలు, నా చెయ్యి నాలుగు వేసింది. ఒక జత ఎక్కువని తెలుసు. తగ్గించడానికి మనసొప్పలేదు, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టుంది. కరివేపాకు ఆమె ముఖం గుర్తొచ్చాక కొట్టేసి మూడు చేశాను.

ఫలితం కోడలే ఫోన్లో చూసింది. పాస్ అంది. సైన్సులో మార్కులెన్నని అడిగాను. ఆమె ఫోన్ బోర్లా పెట్టింది.

"పాసైనవ్ కదా అత్తమ్మా, కొసరెంతేసిన్రో గదొక్కటి అడగకు."