జాజి పాట అడిగితే జాజ్ వచ్చింది

మా చిన్నప్పుడు మా పెద్దమ్మతో నేను అన్న మాట ఒకటి ఉంది... నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఈ గ్రూపులో మీరంతా రాసినవి చదివి మురిసిపోవడమే తప్ప నేనెప్పుడూ రాసిందీ లేదు. పోయిన నెలలో మా వంటింట్లో ఒక పెద్దావిడ పాట విన్నాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

తెనాలిలో మా వీధిలో ఎవరింట పేరంటం జరిగినా హారతి పాట మా పెద్దమ్మదే. అమ్మకు సొంత అక్క. అమ్మవారికి జాజిపూలు ముడిచే పాట అది... ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడ నోట్లోనే ఉండేది. కర్పూరం వెలిగించగానే అందరూ ఆవిడ వైపే చూసేవారు.

ఒక ఏడు ఆవిడకు పెద్ద జబ్బు చేసింది. లేచి తిరిగింది గానీ గొంతు బొంగురుపోయింది. ఆ శ్రావణంలో మా ఇంట్లో వ్రతం... మా క్లాసు పిల్లలంతా వచ్చారు. పెద్దమ్మ పాట ఎత్తుకుంది. పై స్వరం దగ్గర గొంతు చీలింది. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దమ్మా, నువ్వు ఆపు. టేపురికార్డరు పెడతాను" అన్నాను, అందరి ముందూ.

ఆవిడ కోప్పడలేదు. "పెట్టవే తల్లీ... అందులో పాడే ఆవిడకు దగ్గు రాదుగా!" అని నవ్వేసి, హారతి పళ్లెం అమ్మ చేతికిచ్చి పక్కకు జరిగింది.

ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో మళ్లీ పాడలేదు. నేనూ పాడమని అడగలేదు.

ఇప్పుడు నాకు యాభై. ఉండేది సిడ్నీలో, గిరావీన్‌లో. ప్రతి శనివారం సరళ గారింట్లో భజన. పెద్దమ్మ పాట తప్ప మిగతా హారతులన్నీ నేనే పాడేదాన్ని. రెండేళ్ల కిందట థైరాయిడ్ ఆపరేషన్ అయింది... నా గొంతూ బొంగురుపోయింది. అప్పటినుంచి వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే. సరళ గారు అడిగినప్పుడల్లా, "ఈ గొంతుకు దేవుడు జడుసుకుంటాడండీ" అని తప్పించుకునేదాన్ని.

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున పూజకు పూలు కడుతుంటే పెద్దమ్మ పాట గుర్తొచ్చింది. అలాంటిది ఎవరైనా పాడి పెట్టారేమోనని వంటింటి గట్టు మీద స్పీకరుతో, మా అమ్మాయి నేర్పినట్టే, "ప్లే జాజి సాంగ్స్" అన్నాను.

జాజి రాలేదు... జాజ్ వచ్చింది!

ముందు శాక్సోఫోన్. మన సన్నాయిలా పిలుస్తుంది గానీ దానికి తొందర లేదు. వెనక డ్రమ్ము మోగుతున్నట్టే ఉండదు... సన్న చీపురుతో వాకిలి ఊడ్చినట్టు మెత్తటి చప్పుడు. అప్పుడు ఒక ఆడగొంతు. బొంగురుగా, లోతుగా, పక్కనే కూర్చుని మనసులో మాట చెబుతున్నట్టు...

పూజవేళ ఈ పాటలేమిటి, ఆపుదామనుకున్నాను. లేవబుద్ధి కాలేదు.

యూనివర్సిటీకి తయారై వచ్చిన మా అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా! నువ్వా? స్మూత్ జాజా?"

"జాజిపూల పాట అడిగానే... ఎవరే ఈవిడ?"

ఫోన్‌లో చూసింది. "సెవెంటీ ప్లస్ అమ్మా, లెజెండ్ అంట. యంగ్‌గా ఉన్నప్పటి పాటలే మళ్లీ పాడింది. ఓల్డ్ ఆల్బమ్ కన్నా ఇదే బెటర్ అంటున్నారు. శాక్స్ ఆయన కూడా ఆల్మోస్ట్ ఎయిటీ."

"గొంతు పోయింది కదే పాపం..."

"పోలేదమ్మా. రెండూ విను, ప్రాపర్‌గా. దెన్ టెల్ మీ."

రెండూ విన్నాను. వయసులో ఉన్నప్పుడు ఆవిడ గొంతు వెన్నపూస... ఎంత పైకైనా పోతుంది. కొత్త ఆల్బములో పై స్వరం దగ్గరికి వచ్చి ఆగుతుంది. అందుకోలేనన్న సంగతి దాచుకోదు. ఊపిరి తీసుకుంటుంది... ఆ ఊపిరీ వినిపిస్తుంది. శాక్సోఫోన్ ఆయన కంగారుపడి ఆ ఖాళీ నింపేయడు, ఓపికపడతాడు. అప్పుడావిడ కిందికి దిగి, అదే మాటను మెల్లగా అంటుంది. ఇంగ్లీషు పాట నాకు సగమే అర్థమైంది... కళ్లు మాత్రం నిండిపోయాయి.

ఆ తర్వాత పారమట్టా వెళ్లే బస్సులో అలాంటి తల నెరిసినవాళ్ల ఆల్బములే వెతుక్కుని విన్నాను. కుర్రతనంలో పది స్వరాలు గుప్పించినచోట ఇప్పుడు రెండే వాయిస్తారు. ఎంత సాధన చేస్తే ఆ రెండూ చాలునని తెలుస్తుందో!

ఒకరోజు బస్సులోనే తట్టింది... మా పెద్దమ్మ కూడా ఆ రోజు పాటను కిందికి దింపి అందుకోబోయిందేమో. నేనే ఆగలేదు.

మొన్న శనివారం కర్పూరం వెలిగించే వేళకు సరళ గారు హార్మోనియం ముందు నుంచి మామూలుగా అడిగారు. "ఏమండీ, ఇవాళైనా?"

"కాస్త కింది శ్రుతిలో అయితే పాడతానండీ" అన్నాను.

పెద్దమ్మ పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో గొంతు చీలింది. గదిలో ఎవరూ కదల్లేదు. ఆగాను... ఊపిరి తీసుకున్నాను. సరళ గారి వేలు ఆ మెట్టు మీద అలాగే నిలిచి ఉంది. కిందినుంచి అందుకుని పాట పూర్తి చేశాను.

"ఇన్నేళ్లలో ఈ పాట ఎప్పుడూ పాడలేదేమండీ? ఎవరిది?" అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ.

"మా పెద్దమ్మదండీ" అన్నాను.

ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లనే ముందు పాడమనేవారు... ఇప్పుడు ఎవరూ ఏమీ అనకముందే మనమే వెనక వరసలోకి జరిగిపోతున్నాం. మీ ఇళ్లలో గొంతు జీరబోయినా పాట మానని వాళ్లుంటే వాళ్ల గురించి రాయండి, చదువుకుంటాను.

నేను రాసింది మాత్రం ఈ గ్రూపు బయట ఇంకెవరికీ చూపించకండి, ఎక్కడికీ పంపకండి... మీ దగ్గరే దాచి ఉంచండి.