ఎర్ర రిబ్బను కట్టిన మొక్కలు

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిన ఏడాది, వానలు మొదలయ్యే నెలలో నన్ను ధర్మవరం నుంచి హిందూపురంలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఎక్కువ కాలం లేదు. మా శాఖలో మెట్లు తెలియనివారి కోసం చెబుతాను. అందరికంటే కింద, వీధికి దగ్గరగా ఉండేది ఆశా కార్యకర్త. ఆమె పైన టీకాలు వేసే ఏఎన్ఎం, ఆమె పైన నాలాంటి సూపర్‌వైజరు, నా పైన మెడికల్ ఆఫీసరు. పని కింది నుంచి పైకి పోతుంది, తిట్లు పై నుంచి కిందికి వస్తాయి. మధ్యలో ఉన్నవాళ్లం రెండింటినీ కొంచెం తగ్గించి అందిస్తుంటాం.

నేను పుట్టి పెరిగింది పెనుకొండలో. సర్వీసులో సగం ధర్మవరం మగ్గాల వీధుల్లో గడిచింది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి చేత పని ఆపించి మాత్ర మింగించడం తేలిక కాదు. మాత్ర గురించి తప్ప మిగతా అన్ని విషయాలూ మాట్లాడాలి. ఆ చదువు హిందూపురంలో అక్కరకొచ్చింది.

చేరిన వారంలోనే ఒక తల్లి ఏడుస్తూ బిడ్డను కేంద్రానికి ఎత్తుకొచ్చింది. బిడ్డ పెదవులు వాచి, నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. వరండాలో అలంకారానికి పెట్టిన డంబ్ కేన్ ఆకు కొరికిందట. వెడల్పాటి పచ్చని ఆకు మీద తెల్ల చుక్కలుంటాయి, మీరూ చూసే ఉంటారు. దాని రసంలో కంటికి కనపడని సూదుల్లాంటివి ఉంటాయి. అవి నోట్లో గుచ్చుకుంటే నాలుక, గొంతు వాస్తాయి. వాపు ఊపిరికి అడ్డమొస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లోవాళ్లు కక్కించాలని ఉప్పునీళ్లు పోశారు. అది చేయకూడని పని, మండిన గొంతు మళ్లీ మండుతుంది. తడిగుడ్డతో నోరు తుడిచి, ఒక గుక్క చల్లటి నీళ్లో పాలో తాపి, కొరికిన ఆకును వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి రావాలి. ఆ తల్లి ఆకు తెచ్చింది కాబట్టి మా డాక్టరుగారికి వెతుకులాట తప్పింది. సాయంత్రానికి బిడ్డ తేరుకుంది.

మా డాక్టరుగారు ధర్మవరం కుర్రవాడు, మా పెద్దబ్బాయి వయసు. రెండో బిడ్డ రాకముందే ఏదో ఒకటి చేయాలని పట్టుబట్టాడు. కరోనా కాలంలో ఇంట్లో కూర్చున్నవాళ్లందరికీ మొక్కల పిచ్చి పట్టింది. లేపాక్షి రోడ్డు వైపు నుంచి నర్సరీవాళ్లు ఆటోల్లో కుండీలు తెచ్చి గడప ముందుకే అమ్మేవారు. గన్నేరు సంగతి మనవాళ్లకు ముందే తెలుసు, పేరు వింటేనే పిల్లల్ని వెనక్కి లాగుతారు. ఈ కొత్త మొక్కల గుణమే ఎవరికీ తెలియదు. డంబ్ కేన్, రంగుల చేమాకు, మనీ ప్లాంటు, పాలు కారే ఎడారి గులాబీ, ఈ నాలుగూ ఎక్కడున్నాయో ముందు ఒక కాలనీలో ఇంటింటికీ తిరిగి చూడాలి, గుర్తు కట్టాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఇవీ నాకిచ్చిన ఆదేశాలు.

గుర్తు కట్టాలన్నది డాక్టరుగారి ఆలోచన. ఏం కట్టాలన్నది నాకు వదిలేశారు. మా కేంద్రం కొత్త గదుల ప్రారంభోత్సవంలో మిగిలిన ఎర్ర శాటిన్ రిబ్బను ఒక చుట్ట స్టోరులో పడి ఉంది. ఎరుపంటే ప్రమాదమని లోకమంతా ఒప్పుకున్నదే కదా అని ఇద్దరమూ సంతోషించాం. హిందూపురంలో ఎర్ర శాటిన్ రిబ్బను కనబడితే పెద్దవాళ్లు కత్తిరించేదనీ, బహుమతి కప్పుకు చుట్టేదనీ అనుకుంటారని మా ఇద్దరి చదువుల్లో ఎక్కడా లేదు.

నాకు తోడు ఆ కాలనీ ఆశా కార్యకర్త నాగరత్న. బత్తలపల్లి పిల్ల, ఇక్కడికి కోడలుగా వచ్చింది. తాళం వేసిన ఇళ్లలో గేటు సందులోంచి చెయ్యి పెట్టి రిబ్బను కట్టి, కరపత్రం లోపలికి విసిరాం. మనుషులున్న ఇళ్లలో చెప్పాం. విన్నవాళ్లు సగం మంది. మిగతా సగం మంది పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయారు.

ఆ వీధిలో నాకు బాగా గుర్తున్నది అశ్వర్థమ్మ ఇల్లు. నల్లచెరువు పక్క రైతు కుటుంబం. కొడుకు ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొలం ఊళ్లో వదిలి వచ్చిన ఆమె, వరండాలో కుండీలు పెట్టుకుని ఆ లోటు తీర్చుకునేది. గడప పక్కనే, నేల మీద, గుమ్మం సగానికి పెరిగిన డంబ్ కేన్. దాని కింద మనవరాలు బుజ్జి. పాకే వయసు, దొరికిందల్లా నోట్లోకే. మేం మాట్లాడుతుండగానే నా చెప్పు పట్టీ నమలడం మొదలుపెట్టింది. చెప్పు లాక్కుంటే ఆకు వైపు తిరిగింది. ఆ ఆకుకూ ఆ నోటికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. వీధిలో మిగతా ఇళ్లన్నీ ఒక ఎత్తు, ఈ జానెడు ఒక ఎత్తు అని నాకు అప్పుడే అనిపించింది.

విషమని చెప్పి, రిబ్బను కట్టి, కుండీ తీసేయమన్నాను. అశ్వర్థమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“తాతల కాలం నుంచి సేద్యం చేసినోళ్లం. మాకే మొక్కలు నేర్పుతాండావా సిస్టరమ్మా? ఏపుగా ఉండాదని చూసి, విషమని చెప్పి ఎత్తుకపోదామనుకుంటాండావేమో!”

నాగరత్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గంభీరంగా బయటికొచ్చాను.

ఇంటింటి పనికి మా శాఖలో ఒక నియమం ఉంది. చెప్పి వచ్చిన చోటికి కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి, చెప్పింది జరిగిందో లేదో చూడాలి. మేం మళ్లీ వెళ్లేసరికి వీధి మొదట్లోనే ఒకావిడ గేటుకు అడ్డంగా నిలబడింది. “ఏమ్మా, అందరిండ్లకీ కట్టి మా ఇంటికి కట్టకుండానే పోతిరే? మా మొక్కలు మొక్కలు కాదా?”

లోపలికి పోతే సంగతి తెలిసింది. గవర్నమెంటువాళ్లు మంచి మొక్కలను ఎంచి రిబ్బను కడుతున్నారని కాలనీ అంతా పాకింది. ఇక మనీ ప్లాంటు సంగతి మీకు తెలిసిందే. అడిగి తెచ్చుకుంటే కలిసిరాదు, చెప్పకుండా తుంచుకొస్తేనే ఇంటికి లక్ష్మి అని నమ్మకం. ఆ నమ్మకాన్ని రిబ్బను కట్టిన మొక్కలన్నిటికీ వర్తింపజేశారు. వీధి మొత్తం మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న డంబ్ కేన్ ఇప్పుడు ఇంటింటా ఉంది. పాత పెయింటు డబ్బాలో ఒక కొమ్మ, హార్లిక్స్ సీసాలో ఒకటి. కొందరు కొమ్మతోపాటు రిబ్బను కూడా విప్పుకుపోయి తులసికి కట్టారు. ఒక ఇంట్లో ప్లాస్టిక్ పూలకుండీకి కట్టారు. దానికి నీళ్లు కూడా పోస్తున్నారు. విషపు మొక్కలను అరికట్టడానికి బయల్దేరి, వాటికి ఊరేగింపు చేసి వచ్చామన్నమాట. నాగరత్నకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు, కానీ సూపర్‌వైజరును కాబట్టి దగ్గాను.

అశ్వర్థమ్మ ఇంటికి వచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయింది. ఆమె మెట్టు మీద కూర్చుని చిన్న రోట్లో చుక్కల ఆకు వేసి దంచుతోంది. పక్కన బుజ్జి దగ్గుతోంది. ఏమిటని అడిగాను.

“పాపకి దగ్గు ఉండాది. రెండు చుక్కలు పసరు పోస్తామని.”

విషమని చెప్పాను కదా అవ్వా అని అరిచినంత పని చేశాను. ఆమె తొణకలేదు. “విషమైతే నువ్వే పెరికి పారేసుండవా? ఆరోగ్యశాఖోళ్లు రిబ్బను కట్టినారంటే మందాకు కాబట్టే గదా?”

తర్కంలో ఎక్కడా లోపం లేదు. రోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, పాఠాలన్నీ పక్కన పెట్టి, కంద కోసేటప్పుడు చేతులకు ఏం రాసుకుంటావని అడిగాను. నూనె అంది. ఎందుకని అడిగాను.

“నవ పుడతాది గదా.”

“ఇదీ దాని చుట్టమే అవ్వా. కందనైతే చింతపండేసి ఉడకబెట్టి తింటాం. ఇది ఎంత ఉడకబెట్టినా లొంగదు. పచ్చి కంద పసరు పాప నోట్లో పోస్తావా?”

ఆమె రోకలి ఆపింది. అంతవరకూ ఆ మొక్కను అలంకారంగా చూసినామె, మొదటిసారి రైతులాగా చూసింది. ఆకు కాడ విరిచి వాసన చూసింది, మడతల దగ్గర ఆకు తీరు చూసింది, చేమాకేనే అని గొణిగింది. ఈలోగా దంచిన చెయ్యి గోక్కోవడం మొదలుపెట్టింది. నేనిక ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ముద్దను కాగితంలో చుట్టించి, చేతులూ రోలూ సబ్బుతో రెండుసార్లు కడిగించి, అప్పుడు బుజ్జి దగ్గుకు మా మందు ఇచ్చాను.

మరి కుండీ పారేద్దామా అంటే మాత్రం కుదరదంది. ఎదురింటి శకుంతల తన కుండీ పారేస్తే తానూ పారేస్తుందట. శకుంతల ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి. ఆమెను అడిగితే, అశ్వర్థమ్మ పారేస్తే తానూ పారేస్తానంది. మళ్లీ ఇవతలికి వచ్చేసరికి అశ్వర్థమ్మ నిప్పులు కక్కుతోంది.

“ఆయమ్మకి ఆ మొక్క యాడిదనుకుంటాండావు? నేను కొళాయికాడ ఉంటే వచ్చి నా దాంట్లోదే కొమ్మ తుంచుకపోయె!”

విషం మాట చెబితే రాని కోపం ఇప్పుడు వచ్చింది. ఆ కోపం ఎంత ఉపయోగపడే వస్తువో మగ్గాల వీధుల్లో పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అశ్వర్థమ్మ చెవి దగ్గరికి వంగి, శకుంతల కన్ను మిగతా కొమ్మల మీద కూడా ఉందన్నాను. తర్వాత ఎదురింటికి పోయి, అశ్వర్థమ్మ తన కొమ్మ తాను తిరిగి తెచ్చుకునేట్టుందన్నాను. రెండింటిలోనూ అబద్ధం లేదు. రెండు నిజాలను రెండు ఇళ్లలో విడివిడిగా చెప్పానంతే.

ఆపైన సలహాలు ఇచ్చాను. మనిషి నిలబడి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో పెట్టుకో, కింద కుర్చీ, స్టూలు ఉంచొద్దు, దొంగ ఎక్కుతుంది. మనీ ప్లాంటు తీగ కిందికి వేలాడితే లాక్కుపోతారు, ఎప్పటికప్పుడు కత్తిరించు. రాలిన ఆకును రోజూ పొద్దున్నే ఏరి మూతున్న బుట్టలో వెయ్యి, లేకపోతే ఏది రాలిందో ఏది తుంచారో తెలియదు. మొక్క ముట్టుకున్నాక చేతులు కడుక్కో. ఈ ఒక్కదానికి మాత్రం దొంగల కారణం దొరక్క, నవ పుడుతుందని ఉన్నమాటే చెప్పాను. చివరగా, దొంగకు దారి చూపించేది ఆ రిబ్బనే కాబట్టి విప్పి నాకిచ్చెయ్యి అన్నాను. ఇవన్నీ మా శాఖ చెప్పే జాగ్రత్తలే. పిల్లలు అనాల్సిన చోట దొంగలు అన్నాను, అంతే తేడా.

నాగరత్న మిగతా ఇళ్లు చూసుకుంది. ఆ పిల్లకు నాకంటే బాగా గుసగుసలాడటం వచ్చు. ఎవరి కన్ను ఎవరి కుండీ మీద ఉందో ఆమె ఎంత ఖచ్చితంగా చెప్పిందంటే, మధ్యలో నేనే మా క్వార్టర్సులోని కరివేపాకు మొక్క గురించి భయపడ్డాను.

తర్వాత డాక్టరుగారు తనిఖీకి వచ్చి తల పైకెత్తుకుని వీధంతా నడిచారు. కుండీలు సజ్జల మీదికి, మిద్దెల మీదికి ఎక్కాయి. కొన్ని ఇనుప కొక్కేలకు వేలాడుతున్నాయి. ఒకాయనైతే డంబ్ కేన్ చుట్టూ జాలీ పెట్టి తాళం వేశాడు. నేల మీద తులసి, కరివేపాకు, బంతి మిగిలాయి. బుజ్జి గడప దగ్గర కూర్చుని బంతి రేకులు నోట్లో కుక్కుకుంటోంది. తినదగ్గవి కావు గానీ, నేను చూసీ చూడనట్టు ఊరుకుని, ఆమె అమ్మకు మాత్రం సైగ చేశాను.

జనం ఇంతగా మాట వినడం ఎలా సాధ్యమైందని డాక్టరుగారు అడిగారు. ఆరోగ్య విద్య సార్ అన్నాను. ఆయన నెలవారీ సమావేశంలో అదే మాట చెప్పి మెప్పు పొందారు. పెనుకొండలో కూడా నేర్పి రమ్మని నన్ను పంపారు. అక్కడి ఏఎన్ఎంలకు మొక్కలు, ఎత్తులు, ప్రథమ చికిత్స నేర్పాను. కారణం మాత్రం వాళ్లకే వదిలేశాను. ఏ వీధిలో ఎవరు ఎవరిని నమ్మరో అక్కడివాళ్లకే తెలుస్తుంది.

పదవీ విరమణకు ముందు ఆ వీధికి ఒకసారి పోయాను. ఇక నిజం చెప్పేద్దామని అశ్వర్థమ్మ దగ్గర కూర్చుని, ఆ దొంగల మాట శకుంతలకూ నేనే చెప్పానవ్వా అని మొదలుపెట్టాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

“నాకు అప్పుడే తెలిసె. శకుంతలే వచ్చి చెప్పె. ఇద్దరం కూచోని నగుకున్న్యాం.”

మరి కుండీలు మళ్లీ కిందికి ఎందుకు దించలేదని అడిగాను.

“దించితే పాప నోట్లో పెట్టుకుంటాది గదా,” అంది, నేనేదో తెలియని పిల్లనైనట్టు. “నువ్వు విషమని చెప్తే విని తీసేసింటే, సేద్యం చేసినోళ్లకి తెల్దా అని ఎదురింటోళ్లు నగుదురు. దొంగల భయమని పైన పెట్టుకుంటే ఎవురేమంటారు?”

బుజ్జి అప్పటికి పరుగెత్తే వయసుకు వచ్చింది. మేం మాట్లాడుతుండగా ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి గోడ పక్కన వేసి ఎక్కింది. నేను లేవబోయాను. అశ్వర్థమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పైకి చూపించింది. కుండీ సజ్జ మీద లేదు. ఇంకో ఆరడుగుల పైన, మిద్దె పిట్టగోడ మీదికి ఎక్కింది.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇదే చెబుతాను. మొక్క పిల్ల చేతికి అందకుండా ఉండాలి, పిల్ల పెరిగే కొద్దీ అదీ పైకి పోతుండాలి. ఎందుకు పెట్టారనే దానికి కారణం ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పుకోవచ్చు.