మా అత్త మానేసిన ఉపవాసం

గడిచిన బుధవారం మా అత్త ఆళ్లగడ్డలో కన్నుమూసింది. రొమ్ము క్యాన్సర్. సమాధుల తోట నుంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఆమె తమ్ముడు పదిమందిలో అన్నాడు: "ఉపాసం మధ్యలో ఇడిసిపెట్టింది. లేకుంటే బతికేది."

చావు జరిగిన ఇల్లని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

అత్తకూ నాకూ పడేది కాదు. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పల్లెలు తిరిగి సూదులేసిన మనిషి. ఏడ్చే పిల్లలను బుజ్జగించేది కాదు. "చెయ్యి బిగించొద్దు. సగం నొప్పి నువ్వే తెచ్చుకుంటాండావ్" అనేది. అదే గొంతుతో నా వంటకూ, నిద్రకూ, పిల్లల పెంపకానికీ వంకలు పెట్టేది. నేను కోడలిగా వచ్చిన పన్నెండేళ్లలో ఒక్కసారి మెచ్చుకున్నట్టు గుర్తు లేదు. అయినా కీమోకు నంద్యాల తీసుకెళ్లేది నేనే. మా ఆయనకు సెలవు దొరికేది కాదు. బస్సులో పక్కపక్కనే కూర్చుని చెరో వైపు చూసేవాళ్లం.

రెండో కీమో తర్వాత ఆ తమ్ముడు బేతంచెర్ల నుంచి వచ్చాడు. నాపరాళ్ల పాలిష్ వ్యాపారం ఆయనది. ఫోన్లో ఏదో వీడియో చూపించాడు.

"అక్కా, పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఏం తినొద్దు. సూదికి ముందు రెండు దినాలు నీళ్లే. నువ్వు తినకుంటే గడ్డకు తిండి యాడిదొస్తాది? శుక్రవారం ఉపాస ప్రార్థన ఉంటావు గదా, ఇదీ అట్లాంటిదే."

"డాక్టర్ను అడిగినావా మామా?" అన్నాను.

"వాళ్లకు మందులమ్ముకోవాల. ఎందుకు చెప్తారు?"

మర్నాడు అత్త నేను పెట్టిన కంచం వెనక్కి జరిపింది. మూడు వారాలు గడిచేసరికి జాకెట్లు వేలాడాయి. నేను అరిచాను. "నన్ను సాధించేదానికే ఉపాసముంటాండావా?" అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మూడో కీమో రోజు డాక్టరమ్మ బరువు, రక్త పరీక్ష చూసి మందు వాయిదా వేసింది. ఎందుకిలా అయిందో నేనే చెప్పేశాను. "ఉపవాసం మీద పరిశోధనలు జరుగుతున్నాయి, ఎవరికి పనికొస్తుందో ఇంకా తేలలేదు. ఇంతగా చిక్కిపోతున్న మీరు మాత్రం ఉండకూడదు" అంది.

బయట బెంచీ మీద అత్తను నిలదీశాను. "ఇన్నేళ్లు సూదులేసినదానివి, నీకు తెలీదా?"

"తెల్సు. వాని మాట నమ్మిందెవరు?" అంది. "నా ఒంటి మీద అందరూ చెయ్యేస్తాండారు. కోస్తాండారు, పొడుస్తాండారు. నువ్వు నోట్లో కుక్కుతాండావ్. వద్దని నేను చెప్పగలిగేది ఈ కూడు ఒక్కదానికే మే."

నేను అడిగాను, "ఇప్పుడేం చేయాల్నో నువ్వే చెప్పు అత్తా."

"అడిగినప్పుడు పెట్టి, పక్కకు పో. ఎదురుగా కూర్చోనొద్దు."

అలాగే చేశాను. ఆమె తిన్నది, కొద్దికొద్దిగా. ఉప్పు లేదని తిట్టింది. తిట్టే ఓపిక వచ్చిందని సంతోషించాను. ఆగిన కీమో మళ్లీ మొదలై పూర్తయింది. ఏడాది తిరక్కుండా జబ్బు కాలేయానికి పాకింది. తిన్నందుకు కాదు మామా, ఆ జబ్బే అంత. నడుమ దొరికిన నెలల్లో ఆమె చర్చికి నడిచిపోయింది, నాతో కడుపునిండా పోట్లాడింది.

చివరి కీమో అయిన రోజు నంద్యాల బస్టాండు బయట మామిడిపండ్ల బండి దగ్గర ఆగింది. తానే ఒక బేనీషా ఏరి, సీసాలో నీళ్లతో రెండుసార్లు కడిగి, పళ్లతో తొక్క చీల్చి నిలబడే తింది. రసం చేతి మీది ప్లాస్టరు దాటి మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు.

"ఏందీ అట్ల చూస్తాండావ్? కావాలంటే నువ్వూ కొనుక్కో పో" అని అటు తిరిగింది. ఆళ్లగడ్డ బస్సు హారన్ కొడుతున్నా కదలకుండా, టెంక చప్పరిస్తూ ఎండలో నిలబడింది.