దూది గదిలో ఐదో తరగతి

ముందుగా సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. తల్లి కడుపులోని చీకట్లో ఉన్న బిడ్డకు కూడా వినడం నేర్పినవాడు, కళ్ళకు కనిపించకుండానే పిలిస్తే పలికేవాడు, మాట పోయిన నోటికి మాట తిరిగి ఇచ్చేవాడు ఆయనే. నేను రాయబోయేది చదివితే మా అమ్మ గురించి గర్వపడుతున్నానని మీకు అనిపిస్తుంది. నిజమే, పడుతున్నాను. అయితే ఆ గొప్ప ఆమెకు ఇచ్చినవాడిదేనని ముందే చెప్పుకుని మొదలుపెడుతున్నాను.

ధర్మవరంలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ నేనుంటున్న గదిలో, పుస్తకాల పక్కన, అరచేతికంటే కాస్త పెద్దదైన దిండు ఒకటి ఉంటుంది. దాని ఎర్రపూల గుడ్డ వెలిసిపోయింది, ఒక మూల కుట్టు కూడా వదిలింది, అయినా ఆదివారం పూట దాన్ని ఎండలో పెట్టి తీసుకొచ్చి ముక్కుకు ఆనించుకుంటే బూరుగు దూది వాసన, అంటే ఎండుగడ్డి, పాత గోనెసంచి, ఎండకు కాగిన గోడ అన్నీ కలిసిన వాసన, ఇప్పటికీ గుప్పుమంటుంది. "ఇదేందే, బొమ్మకా?" అని గదిలో నాతో ఉండే అమ్మాయి అడిగింది. ఫోన్‌కు అని నేనంటే నవ్వింది. నిజంగానే అది ఫోన్ కోసం మా అవ్వ కుట్టిన దిండు.

హిందూపురంలో మా ఇల్లు ముందర అంగడి, వెనక వంటిల్లు, నడుమ దూది గది. దూదేకుల వాళ్ళం కాబట్టి మా తాత వాడిన దూదేకే విల్లు ఆ గది గోడకు వేలాడుతూ ఉండేది, దాని కింద నాయన కొన్న ఏకుడు మిషను, చుట్టూరా పైకప్పు దాకా దూది మూటలు. ఎండాకాలం మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మిరపకాయల ఘాటు వీధినంతా దగ్గించేది, ఆ వెనకే చింతపండు పులుపు, బెల్లం తీపి, ఎవరెవరి ఇంట్లో ఏం పొంగుతోందో ఆ వాసన. వానాకాలంలో దూది చెమ్మగిల్లి బరువెక్కేది, నాయన ముఖం కూడా దానితోపాటే బరువెక్కేది. పెళ్ళిళ్ళు మొదలైతే పరుపుల పని ఊపిరాడనిచ్చేది కాదు, చలి పడితే పాతవి విప్పి కొత్తగా ఏకించుకునేవాళ్ళు వరసకట్టేవాళ్ళు. నేనూ వీధిలో పిల్లలూ ఒక మూట మీదనుంచి ఇంకో మూట మీదికి దూకి, తలనిండా తెల్లటి పీచుతో ముసలమ్మల్లాగా బయటికి వచ్చేవాళ్ళం. ఉగాదికి పక్కింటి కన్నడ అవ్వ నెయ్యి కారే ఒబ్బట్లు మోదుగాకులో పెట్టి పంపేది, రంజాను నెలలో మేము పుదీనా వేసిన గంజి గిన్నెనిండా ఆమెకు పంపేవాళ్ళం, కొత్త చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు, వచ్చిన రోజుల్లో మాత్రం రెండిళ్ళకూ ఒకే పొయ్యి మీద ఉడికేవి.

మా అవ్వ పేరు మస్తానమ్మ. బూరుగు కాయల్లోంచి గింజలు వేరుచేస్తూ, పెదవులతో దైవనామం తలుచుకుంటూ, మధ్యలో కోడలిని ఒక మాట, కొడుకును ఒక మాట అంటూ పొద్దు గడిపేది. నమాజులో వరుస ఎలా నిలబడాలో నాకు నేర్పింది ఆమే: మడమలు సమంగా ఉండాలి, పక్కవాళ్ళ భుజం తగలాలి, నడుమ ఖాళీ వదలకూడదు.

అమ్మది పెనుకొండ. కోట కొండ కింద వాళ్ళ ఇల్లు. పైన మేకలు మేపుతున్న వాళ్ళ నాయనను అన్నానికి రమ్మని కిందనుంచి కేకేసి పిలిచిన గొంతు ఆమెది. హిందూపురంలోని ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతికి లెక్కలు చెప్పేది, పిల్లలకు మాబూ టీచర్. ఆమె లెక్క చెబుతుంటే బడి ముందు తోపుడుబండి మీద జామకాయలు అమ్మే మనిషి కూడా జవాబు చెప్పేవాడని మా ఇంట్లో ఒక నవ్వులాట ఉండేది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. మసీదులో జమాతు, అంటే అందరూ వరుసల్లో కలిసి చేసే నమాజు, ఆగిపోయింది, పరుపుల అంగడి తలుపులు సగానికి దిగాయి. కొన్నాళ్ళకు పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి. వీధి గోల వినపడకూడదంటే మా ఇంట్లో ఉన్నది ఒక్కటే చోటు. దూది గదిలో మాట్లాడితే మాట గోడను తాకి తిరిగిరాదు, మూటలే దాన్ని తాగేస్తాయి. అక్కడ ఒక నల్లబల్లను మూటకు ఆనించి, స్టూలు మీద ఫోన్ నిలబెట్టి అమ్మ పాఠం మొదలుపెట్టింది. నాయన ఆ సమయానికి మిషను ఆపేసేవాడు. అవ్వా నేనూ మూలన కూర్చునేవాళ్ళం.

కొండ పైకి వినిపించిన గొంతు ఆ ఫోన్ ముందర లేవలేదు. క్లాసు మొదలుకాగానే పిల్లలందరి మైకులూ మూసెయ్యాలని బడివాళ్ళు చెప్పారు, అమ్మ మూసేది. పిల్లల ముఖాలు మొదట్లో రెండు మూడు కనిపించేవి, తర్వాత ఫోన్ తెర మీది గళ్ళన్నీ ఒక్కొక్కటే నల్లబడిపోయాయి. భిన్నాలు చెబుతూ చెబుతూ ఆమె మధ్యలో ఆగిపోయేది, చెప్పిందే మళ్ళీ చెప్పేది, అర్థమైందా అని అడిగి తానే తల ఊపుకునేది. రోజురోజుకూ గళ్ళు కూడా తగ్గసాగాయి. పిల్లలు తగ్గిన సెక్షన్‌ను పక్క సెక్షన్‌లో కలిపేస్తామనీ, అప్పుడు ఒక టీచరే సరిపోతుందనీ ప్రిన్సిపాల్ సార్ మెసేజి పెట్టాడు. అంటే ఇంటికి పంపేది అమ్మనే అని మా అందరికీ తెలుసు.

"ఎవురికి చెప్తాండానో తెల్లేదు," అంది అమ్మ ఆ సాయంత్రం, చాక్‌పీసు పొడి చేతులను కొంగుకు తుడుచుకుంటూ. "బాయిలో రాయేసినా సప్పుడొస్తాది. దీన్లో అదీ రాదు. ఇంగ నేనూ పరుపులు కుడతా ఈడనే."

"కుట్టు," అంది అవ్వ. "దబ్బనం పట్టుకునేది నేర్చుకోనీకే ఏడాది పడతాది నీకు."

నవ్వించడానికే అంది గానీ ఎవరూ నవ్వలేదు. చదువు చెప్పకుండా అమ్మ ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. నమాజు చివర దుఆలో వేడుకోవడానికి ఆమె చేతులెత్తినప్పుడు పెదవులు కదలడం మానేసి, ఊరికే చేతులను చూస్తూ ఉండడం నేను ఆ రోజుల్లోనే చూశాను.

మసీదు లేదు కాబట్టి మేము ఇంట్లోనే జమాతుగా నిలబడేవాళ్ళం. దూది గదిలో చాప పరిచి, నాయన ముందర, అవ్వా అమ్మా నేనూ వెనక వరుసలో. ఒకరోజు పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక అవ్వ మోకాళ్ళు రుద్దుకుంటూ కొడుకును అడిగింది. "ఏం దస్తగిరీ, నేను లేసేదాంక ఆగినావే? నువ్వు ముందర, నేను ఎనక. ఎట్ల తెలిసె నీకు?"

"నీ మోకాళ్ళు చెప్పినాయిలేమ్మా. టక్‌మన్నేదాంక ఆగినా."

అవ్వ కొడుకు మీదికి దూది ఉండ విసిరింది, నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ మాత్రం చాప మడవడం ఆపేసింది.

"నీకు మా మొగాలు కనపడవు గదా," అంది నాయనతో.

"యాడ కనపడతాయి? వీపు మీకు పెట్టి నిలబడితే."

"మరి ఎనకాల ఎవురన్నా ఉండారో లేదో?"

"బట్టల సప్పుడు ఉంటాది. వంగేది తెలుస్తాది, లేసేది తెలుస్తాది. సూడాల్సిన పనేముండాది?" అని నాయన అంగడి తాళం కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అమ్మ ఆ మడవని చాప మీదే మళ్ళీ కూర్చుంది. తనతో తానే అన్నట్టు, "ఆ సప్పుడు మూసింది నేనే గదా," అంది.

మరునాడు పాఠానికి అమ్మ చేసిన పని చూసి నాకు భయమేసింది. ఫోన్‌ను తన వెనకాల స్టూలు మీద పెట్టింది. నల్లబల్ల వైపు తిరిగి, వీపు పిల్లలకు పెట్టి నిలబడింది. బిస్మిల్లా అని, చెయ్యి వెనక్కి చాచి ఫోన్‌లో అందరి మైకులూ తెరిచేసింది.

ఇల్లంతా సంత అయిపోయింది. ఒకరింట్లో కుక్కరు విజిలు, ఒకరింట్లో చంటిబిడ్డ ఏడుపు, బడి మూసేశాక పిల్లలు వెళ్ళిపోయిన సొంతూళ్ళలో ఆమడగూరు నుంచి బోరు మోటారు హోరు, రొళ్ల నుంచి ఎవరో ముసలమ్మ కన్నడంలో కోళ్ళను తిట్టడం, వీటన్నిటి వెనకాల ఎడతెగకుండా టకటకా టకటకా ఒక చప్పుడు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకున్నారు. ఎన్నాళ్ళ తర్వాతో ఒకరి గొంతు ఒకరికి వినపడింది కదా. అమ్మ తిరగలేదు. నల్లబల్ల మీద గుండ్రంగా ఒక ఒబ్బట్టు గీసింది.

"టీచర్, ఎవురింట్లోనో బండి రిపేరీ జరుగుతాండాది!" అని అరిచాడు తిప్పేస్వామి. రొళ్ల పిల్లవాడు, క్లాసుకంతా నోరు వాడిదే.

ఆ టకటక ఠక్కున ఆగిపోయింది. అది లోకేశ్వరిది. హిందూపురంలో చదువుకుంటూ, బడి మూసేశాక అమ్మానాన్నలతో ధర్మవరానికి తిరిగి వెళ్ళిపోయిన పిల్ల. వాళ్ళది మగ్గం ఇల్లు, ఆ టకటక మగ్గానిదే. అందరూ నవ్వేసరికి సిగ్గుపడి తన మైకు మూసేసుకుంది.

అమ్మ అప్పుడు కూడా తిరగలేదు. "ఓ పాపోల్ల నాయనా," అని గట్టిగా మా నాయనను పిలిచింది. "మిషనెయ్యి రవంత."

"క్లాసు జరుగుతాంటేనా?" అన్నాడు నాయన తలుపు సందులోంచి.

"క్లాసు కోసమే."

మిషను గుర్రుమని లేచింది, దూది పీచు గదినిండా మంచులా ఎగిరింది. ఏందది టీచర్, ఏందది టీచర్ అని ఫోన్ నిండా గొంతులు. "మా ఇంటి పని అది. పరుపులకు దూది ఏకుతారు," అంది అమ్మ, మిషను మీదుగా. "తిప్పేస్వామీ, మీ ఇంట్లో ఆ అరుపేంది?"

"మా బర్రె టీచర్."

"దాని పేరు గూడ హాజరేద్దామా?"

ఆ నవ్వు ఆరేలోపు నాయన మిషను ఆపాడు. అప్పుడు మెల్లగా ఆ టకటక మళ్ళీ వినపడింది. లోకేశ్వరి మైకు తెరిచింది.

"ఒబ్బట్టును నాలుగు సమ భాగాలు చేసి ఒక భాగం తిన్నాం. మిగిలింది ఎంత? లోకేశ్వరి చెప్తుంది," అంది అమ్మ.

మగ్గం ఆగింది. ఒక మగ గొంతు దూరంగా, చాలా నెమ్మదిగా, "చెప్పు పాపా, నిలిపినా," అంది.

"నాలుగింట మూడు, టీచర్."

ఎవరూ నవ్వలేదు. బర్రె కూడా ఊరుకుంది. ఆ మగ గొంతే మళ్ళీ, "సరిగ్గా చెప్పెనా టీచర్?" అని అడిగింది.

"సరిగ్గా చెప్పిందన్నా," అంది అమ్మ. కొండ పైకి వినిపించే గొంతుతో అంది. దూది మూటలు ఆ గొంతును తాగలేకపోయాయి. వంటింట్లో ఉన్న అవ్వ ఉలిక్కిపడి, "అల్లా, వచ్చెనే గొంతు," అనుకుంటూ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత అమ్మ ముఖం ఫోన్ వైపే పెట్టి చెప్పింది గానీ మైకులు మాత్రం మూయలేదు. గోల ఎక్కువైతే అందరూ ఊపిరి బిగబట్టండి అనేది, బిగబట్టేవాళ్ళు. అర్థమైందా అని అడిగితే సిగ్నలును బట్టి ఒక్కో ఊరి నుంచి ఒక్కో క్షణం ఆలస్యంగా, వాన మొదలయ్యేటప్పుడు రేకుల మీద పడే చినుకుల్లాగా, అయ్యింది టీచర్, అయ్యింది టీచర్ అని వచ్చేది. ఏ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. లోకేశ్వరి జవాబు చెప్పే ముందు ధర్మవరంలో మగ్గం ఆగడం, చెప్పగానే మళ్ళీ ఆడడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పక్క సెక్షన్ పిల్లలు కూడా మా లింకులోకి దూరడం మొదలుపెట్టారు. సంగతి తెలిసి ఒకరోజు ప్రిన్సిపాల్ సారే లింకులోకి వచ్చి, "మేడం, ఇది క్లాసా, సంతా?" అన్నాడు.

"రెండూ సార్. సంతకైతే అందరూ వస్తారు," అంది అమ్మ.

ఆయన గళ్ళన్నీ చూసుకున్నాడు. ఒక్క పేరూ తగ్గలేదు. సెక్షన్లు కలిపే మాట మళ్ళీ ఎత్తలేదు.

బడులు తెరిచినప్పుడు సగం మంది పిల్లలు బడిలో, సగం మంది ఇళ్ళలో. లోకేశ్వరి ఇంకా ధర్మవరంలోనే. అమ్మ ఫోన్‌ను టేబుల్ మీద పెట్టలేదు, మొదటి బెంచీలో లోకేశ్వరి కూర్చునే చోట, పిల్లల నడుమ పెట్టింది. వరుసలో ఖాళీ ఉండకూడదంది. ఫోన్ జారిపోతోందని విని అవ్వ ఈ దిండు కుట్టింది, బూరుగు దూదితో, తన పాత రవికె గుడ్డతో. ఏడాది పొడవునా పక్కన కూర్చునే పిల్లలు ఆ దిండును ముందుకు వెనక్కు సర్దుతూ, "కనపడుతాండాదా లోకేశూ?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు దూది గది లేదు. నాయన ఫోమ్ పరుపులు తెచ్చి అమ్ముతున్నాడు, ఆ గదినిండా ప్లాస్టిక్ కాగితాల వాసన. విల్లు అటకెక్కింది. అవ్వను అల్లాహ్ తన దగ్గరికి పిలుచుకున్నాడు. నేనుంటున్న ధర్మవరం వీధిలో మగ్గాలు చాలా ఇళ్ళల్లో కరెంటుతో ఆడుతున్నాయి, పాప చెప్పే జవాబు కోసం వాటిని ఎవరూ నిలపరనుకుంటాను. అమ్మ మాత్రం ఇంకా చెబుతోంది. ఆమె గొంతు బడి దాటి వీధిలోకి ఇప్పటికీ వినపడుతుంది.

మొన్న నేను మొదటిసారి ఒక తరగతిలో నిలబడ్డాను. నా సంచిలో దిండు ఉంది. పిల్లల కళ్ళు చూస్తే మాట రాలేదు. బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తుంటే, వెనకాల పుస్తకాల పేజీలు తిరిగాయి, ఎవరిదో గాజు బెంచీకి తగిలింది, ఎవరో దగ్గు మింగుకున్నారు. ఒక్కరి ముఖమూ కనిపించలేదు. అందరూ ఉన్నారని తెలిసింది. బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టాను.

ప్రభూ, మా అవ్వకు విశాలమైన చోటివ్వు. మా అమ్మ గొంతును కాపాడు. గోడకు చెబుతున్నామేమో అని కుమిలిపోయే ప్రతి గురువుకూ వెనకాల అలికిడి వినిపించు, మైకు మూసుకుని కూర్చున్న ప్రతి బిడ్డ కోసం ఒక మగ్గం ఆగేలా చెయ్యి. చదువుతున్నవారూ, మీ ముఖాలు నాకు కనిపించవు. అయినా మీరు ఈ వరుసలో ఉన్నారనే నమ్ముతున్నాను. నాతోపాటు పైకి, నాకు వినపడేటట్టు, ఆమీన్ అనండి.