చుక్కికి ఆపరేషన్ అన్నారు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే సమ్మమ్మకు కోడలి మీద మొదటిసారి గట్టి అనుమానం వచ్చింది కుక్క విషయంలోనే.

చుక్కి నాలుగేళ్ల కిందట వానకు తడిసి మగ్గం కిందికి దూరిన ఆడ కుక్కపిల్ల. అప్పటి నుంచి సమ్మమ్మ కాళ్ల దగ్గరే దాని చోటు. కోడలు నవనీతకు అదంటే పడదు. బట్టలన్నీ వెంట్రుకలేనని రోజూ గొణిగేది. అలాంటి మనిషి ఒక సాయంత్రం హనుమకొండలో తను పనిచేసే మందుల షాపు నుంచి వస్తూనే, "అత్తమ్మా, చుక్కికి పిల్లలు కాకుండ ఆపరేషన్ చేపిద్దాం. మా షాపు పక్కనే కుక్కల దవాఖాన ఉన్నది. నేనే తోల్కపోత, నువ్వు రాకు" అంది.

ఎందుకు రాకూడదో సమ్మమ్మకు అర్థం కాలేదు. ఎక్కడో వదిలేసి వచ్చి, ఆపరేషన్‌లో పోయిందని చెబితే తనేం చేయగలదు? పైగా నెల కిందట ఇదే నవనీత మరిపెడలోని అన్నతో ఫోన్‌లో, "జర ఆగన్నా, వీలు చూస్కోని ఆటోల తెస్త" అనడం తన చెవులతో విన్నది. ఏం తెస్తుందో అప్పుడు అడగలేదు.

కొడుకు మధుతో చెబితే నవ్వేశాడు. "ఏం కాదమ్మా. పొద్దున పోతే మాపటికి ఇంటికొస్తది. నొప్పి గూడ తెల్వది."

అచ్చం అవే మాటలు ఒకప్పుడు సమ్మమ్మకూ చెప్పారు. మధు పుట్టిన ఏడు, సూది మందు వేయిస్తానని ఆమె అత్త క్యాంపుకు తీసుకెళ్లింది. బడి గదిలో ఆడవాళ్లను వరసగా పడుకోబెట్టారు. లేచేసరికి పొట్ట మీద కుట్లు. ఒక ఆడపిల్ల కావాలని ఆమెకు ఆశ. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

అలాగని వద్దని తెగేసి చెప్పనూ లేకపోయింది. మొన్నటి వానాకాలం చుక్కి ఆరు పిల్లలను కన్నది. రోగం తగిలి ఐదు, బండి కింద పడి ఒకటి పోయాయి. పాలిచ్చి పాలిచ్చి చుక్కి పక్కటెముకలు తేలాయి. ఇంకో ఈత దాని ఒళ్లు తట్టుకోదని సమ్మమ్మకు తెలుసు.

వారం ఆలోచించి, "నేను గూడ వస్త" అంది. నవనీత ముఖం ఒక్క క్షణం మాడింది. సమ్మమ్మ అది కూడా గమనించింది.

దవాఖానలో డాక్టర్ విజయశ్రీ చిన్న వయసు మనిషి. సమ్మమ్మ చుక్కి గొలుసు వదలకుండానే అడిగింది.

"పానానికేం కాదని రాసిస్తవా బిడ్డా?"

"రాసియ్యనమ్మా. మత్తు పడక చచ్చేటివి గూడ ఉంటయి, శాన తక్కువ. రక్తం చూసి, తట్టుకుంటదనుకుంటెనే చేస్త. వద్దంటె ఇప్పుడే తోల్కపోవచ్చు."

ఏం కాదని చెప్పని మనిషిని సమ్మమ్మ ఇన్నాళ్లకు చూసింది. రక్త పరీక్ష అయ్యాక గొలుసు డాక్టర్ చేతికిచ్చింది.

అత్తాకోడళ్లు బయట బల్ల మీద కూర్చున్నారు. సమ్మమ్మ అడిగింది. "మీ అన్నకు ఆటోల ఏం తెస్తనన్నవు?"

నవనీత తల వంచుకుంది. "చుక్కినే అత్తమ్మా. మరిపెడ దగ్గర వాళ్ల బాయికాడ విడిచిపెడ్దామనుకున్న. ఆ ఫోన్ చేసినంక, ఆఖరు పిల్ల సచ్చిన రోజు దాన్ని నోట్ల కరుసుకోని ఇల్లంత తిరిగింది సూడు, ఇగ విడిచిపెట్టుడు నాకు శాతకాలె. నువ్వొస్తె గీడ ఇవన్ని అడుగుతవని భయమైంది."

సమ్మమ్మకు కోపం వచ్చింది. తన అనుమానం నిజమైనందుకు కాస్త తృప్తి కూడా కలిగింది. ఆ రెండూ చల్లారాక, ఇంట్లో ఎవరికీ చెప్పని క్యాంపు సంగతి మెల్లగా చెప్పింది. నవనీత దగ్గరికి జరిగి కూర్చుంది.

మధ్యాహ్నం చుక్కిని గోనెపట్టా మీద మోసుకొచ్చారు. నాలుక బయటికి వేలాడుతోంది, కళ్లు సగం తెరిచి ఉన్నాయి. సమ్మమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది.

మూడో రోజుకు చుక్కి లేచి పాలన్నం తిన్నది. కుట్లు విప్పేదాకా, కోడలు ఇచ్చిన ప్రతి మాత్రనూ సమ్మమ్మ తిప్పి చూసి, వాసన చూసి, అప్పుడే దాని నోట్లో వేసేది. నవనీత నొచ్చుకోలేదు. పక్కన కూర్చుని, ఏ మాత్ర ఎందుకో చదివి చెప్పేది.