తాత కూర్చున్న చోట్లు

ఇప్పుడు ఆఫీసు మేడలతో నిండిన నానక్‌రామ్‌గూడ నా చిన్నప్పుడు ఒక ఊరని చెబితే తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటు పిల్లలు నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. జొన్న చేలూ, గుట్టలూ, బర్రెలూ ఉన్న మామూలు ఊరే అది. చలికాలం తెల్లారగట్ల పొగమంచులో ఎదురింటి గోడ కూడా కనిపించేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చింది. బతుకుతానో లేదో అన్న రోజున, పిల్ల లేచి తిరిగితే శ్రీశైలానికి ఒక్కణ్ణే నడిచిపోతానని మా తాత మొక్కుకున్నాడట. నేను లేచి తిరిగాను. పుష్యమాసం దగ్గరపడేసరికి ఆయన తయారు కావడం మొదలుపెట్టాడు. రోజూ తెల్లవారకముందే గొంగడి కప్పుకుని, సద్దిమూట భుజాన వేసుకుని గుట్టల మీదుగా గోల్కొండ వైపు నడిచి, పొద్దెక్కాక ఇల్లు చేరేవాడు.

మా నాయనమ్మకు ఆయన్ను పంపడం ఇష్టం లేదు. కిందటి చలికాలమంతా ఆయన దగ్గుతూనే ఉన్నాడు. వద్దంటే వినే మనిషి కాదు కనుక ఆమె నన్ను పట్టుకుంది. "బర్రెల తోలుకపోయినట్టు ఎనకనే పో. నడుమల ఏడన్న కూసుంటే వచ్చి నాకు చెప్పు. కూసున్నడంటే ఇగ పంపేది లేదు" అంది. అంటే ఆయన ప్రయాణం నా నోటి మాట మీద ఆధారపడి ఉంది.

నాలుగు రోజులు ఆయన ఎక్కడా ఆగలేదు. ఐదో రోజు గుట్ట ఎక్కుతూ ఒక పెద్ద బండ పక్కన కూలబడ్డాడు. మోకాలు రెండు చేతులా పట్టుకుని నోటితో ఊపిరి తీసుకుంటున్నాడు. నేను బర్రె చాటు నుంచి అంతా చూశాను. ఇంటికొచ్చాక నాయనమ్మ అడిగితే "ఏడ కూసోలే" అన్నాను. తాత మీద ప్రేమతో అబద్ధమాడానని ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. నిజానికి నా భయమంతా నా గురించే. మొక్కు తీరకపోతే ఆ జ్వరం మళ్ళీ వచ్చి నన్ను తీసుకుపోతుందనుకున్నాను.

ఆ మధ్యాహ్నం రొట్టె తింటూ తాత తనంతట తానే చెప్పాడు. "ఇయ్యాల బండ కాడ కూసున్ననే. మోకాలు పట్టేసింది, దమ్ము ఆడలే. పిల్ల బర్రెలెంట పడ్డది, దానికి కానరాలే." నేను తల వంచుకున్నాను. నాయనమ్మ నా వైపు చూడలేదు. ఎంతసేపు కూర్చున్నావని ఆయన్నే అడిగింది. ఒక చుట్ట కాల్చేంత సేపన్నాడు. "దమ్ము ఆడనోనికి చుట్టెందుకో" అని సణిగింది. తాత నవ్వి, "ఎంత దూరం పోతనో చూసుకుంటే సాలదు. ఏడేడ కూసోవాల్నో గూడ ఎరుక ఉండాలె గద" అన్నాడు.

పంపేది లేదన్న మనిషి మెత్తబడింది. కానీ షరతులు పెట్టింది. పది రోజుల నడకను పదిహేను రోజులు నడవాలి. పొద్దు గూకకముందే ఏదో ఒక ఊళ్ళో ఆగాలి. చుట్టలు ఇంట్లోనే వదిలిపెట్టాలి. తాత ఆ చుట్టల దగ్గరే కాస్త బేరమాడాడు.

మర్నాడు నన్ను పక్కనే నడవమన్నాడు. తాను కూర్చున్నప్పుడు నేను బర్రె చాటున ఉండటం చూశానన్నాడు. తిట్టలేదు. ఎందుకు దాచావంటే జ్వరం సంగతి చెప్పి ఏడ్చేశాను. "మొక్కు నాది బిడ్డా, నీ పానానికి దానికి లంకె లేదు. జరమొస్తే దవాఖాన ఉన్నది. గని నేను కూసున్నది నువ్వు దాస్తే, రేపు నేను పడ్డది ఎవలకు తెలుస్తది?" అన్నాడు. రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు అంత సిగ్గనిపించేది కాదు.

తాత వెళ్ళాడు. నాయనమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఇరవయ్యో రోజున ఆయన చిక్కి, నల్లబడి, బస్సు దిగాడు. మొక్కింది నడిచిపోవడానికే గాని నడిచి రావడానికి కాదన్నాడు.

నాకిప్పుడు అరవై ఎనిమిది. ఈ చలికాలం నేనూ ఒక్కదాన్నే శ్రీశైలం నడిచి వెళ్దామనుకుంటున్నాను. మొక్కేమీ లేదు, వెళ్ళాలని ఉంది, అంతే. పొద్దున్నే స్వెట్టరు వేసుకుని, వీపుకు సంచి తగిలించుకుని ఆఫీసు మేడల దాకా నడిచి వస్తున్నాను. ఆ మేడల్లోనే పనిచేసే మా అమ్మాయికి నన్ను పంపడం సుతరామూ ఇష్టం లేదు. సాయంత్రం రాగానే "ఎట్ల నడిచినవమ్మా, కాళ్ళు నొస్తున్నయా?" అని అడుగుతుంది. బాగానే నడిచానన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ ఒక్క మాట అంటే పంపేస్తుంది కూడా. నిన్న మాత్రం ఫ్లైఓవర్ కింద ఒకసారి, బస్టాపులో ఒకసారి కూర్చున్నానని, రెండోసారి లేవలేకపోతే ఎవరో ఆఫీసు కుర్రాడు చెయ్యి పట్టి లేపాడని చెప్పాను. దాని మొహం మాడిపోయింది. వద్దంటుందో, సరే అంటుందో ఇంకా తేల్చలేదు.

ఇవాళ మూడుసార్లు కూర్చున్నాను. సాయంత్రం అది రాగానే అదీ చెబుతాను.